ఘనపదార్థాల ఉపరితల శక్తి: ఒక సన్నని మొన చెప్పే లెక్క

తామరాకు మీది నీటిబొట్టును గురించి మేము ఏటా తరగతిలో చెబుతూనే ఉంటాము. లోకంలో ఉండి లోకానికి అంటకుండా మెలగేవానికి మన కవులు ఎన్నుకొన్న ఉపమానం అది. అర్థం చెప్పి తరువాతి పద్యానికి సాగిపోవడమే మాకు అలవాటు. ఆ నీరు ఆకును ఎందుకు అంటుకొనదో మేము ఏనాడూ చెప్పలేదు. మమ్ములను ఎవరూ అడుగనూ లేదు.

గత ఆగస్టులో మన కళాశాల పూర్వ విద్యార్థిని ఒకామె ఒక నోటుపుస్తకం చేతపట్టుకొని మా గదికి వచ్చినది. భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతూ ఆమె మార్చి నుండి జూలై వరకు ఒక ప్రయోగశాలలో ప్రాజెక్టు పని చేసినది. ఆ పనిని గురించి మన సైన్సు సంఘంలో తెలుగున ఉపన్యసించవలసి ఉన్నది. "భాష దిద్దిపెట్టండి సార్" అన్నది.

దిద్దుదామని కూర్చున్నాము. మొదటి పుటలోనే చిక్కు వచ్చినది. "అంటుకొనే బలం" అనీ, "ఉపరితల శక్తి" అనీ రెండు మాటలను ఆమె ఒకే వస్తువుకు రెండు పేర్లయినట్లు మార్చి మార్చి వాడినది. ఇవి పర్యాయపదాలా అని అడిగినాము. ఆమె కాసేపు ఆలోచించి "కావు సార్" అన్నది. ఆ "కావు" వెంట మా సంభాషణ నాలుగు సాయంత్రాలు నడిచినది. ఆ సంభాషణలో తెలుసుకొన్న దానిని, తరువాత మేము చదువుకొన్న దానిని కలిపి ఈ వ్యాసం వ్రాస్తున్నాము. మేము సైన్సు అధ్యాపకులము కాము. అయినను, ఒక మాటకు ఒకే అర్థం ఉండవలెనన్న పట్టుదల తెలుగు పండితునికీ భౌతిక శాస్త్రవేత్తకూ సమానమే కనుక సాహసిస్తున్నాము.

మాటల విషయం వచ్చినది గనుక ఇంకొక సంగతి. ఈ సంచికను ఎడమవైపు నుండి తెరిచినవారికి తెలుగు, కుడివైపు నుండి తెరిచినవారికి ఉర్దూ ఎదురవుతుంది. రెండు వైపుల వారికీ ఈ శాస్త్రపు మాటలు అందుబాటులోనే ఉన్నవి. 1917లో హైదరాబాదులో ఏర్పడిన అనువాద శాఖ శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల పాఠ్యగ్రంథాలను తెలుగులో అందించినది. మనము "ఉపరితల శక్తి" అన్నదానిని ఉర్దూవారు "సత్హీ తవానాయీ" అంటారు. మాటలు లేవని వెనుకాడవలసిన పని లేదు. ఉన్న మాటలను తారుమారు చేయకుండా వాడుకొనడమే మన వంతు.

ఇక అసలు విషయం. ఏ వస్తువులోనైనా లోపల ఉన్న అణువుకు అన్ని వైపులా ఇరుగుపొరుగు ఉంటుంది. అంచున ఉన్న అణువుకు ఒక వైపు ఎవరూ ఉండరు. ఊరి చివరి ఇంటి వంటిది దాని పరిస్థితి. ఆ లేని పొరుగు కారణంగా పైపొర అణువులకు లోపలి అణువుల కంటె కొంత ఎక్కువ శక్తి ఉంటుంది. ఒక వస్తువును రెండుగా చీల్చితే అంతకుముందు లేని రెండు కొత్త తలాలు బయటపడతాయి. ఒక చదరపు మీటరు కొత్త తలం ఏర్పరచడానికి ఎంత పని అవసరమో అదే ఆ పదార్థపు ఉపరితల శక్తి. దీనిని చదరపు మీటరుకు ఇన్ని మిల్లీజౌళ్లని చెబుతారు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటికి ఇది 72.8. పాత్రకు అన్నం అంటకుండా పూసే టెఫ్లాన్‌కు సుమారు 20. పాల కవర్లు చేసే పాలిథీన్‌కు ముప్పది పైచిలుకు. రాగి వంటి లోహాలకు శుద్ధమైన స్థితిలో వేయికి పైననే. ఇక ముందు ఈ వ్యాసంలో ఉపరితల శక్తికి ఇచ్చే అంకెలన్నీ ఈ కొలమానంలోనివే.

ద్రవాల విషయంలో దీనిని కొలవడం సులభం. ద్రవానికి దాపరికం లేదు. చేతనైనంత తక్కువ తలంతో ఉండాలని అది తనంతట తానే ముడుచుకొంటుంది; అందుకే వానచినుకు గుండ్రన. సన్నని గొట్టంలో ద్రవం ఎంత ఎత్తు ఎక్కినదో, కొళాయి చివర చుక్క ఎంత బరువుకు తెగినదో చూసి తలతన్యతను లెక్కకట్టడం ఇంటర్మీడియేట్ విద్యార్థికీ తెలుసు. ఘనపదార్థం అటువంటిది కాదు. వడ్రంగి ఎట్లా చెక్కితే అట్లా పడి ఉంటుంది. తన ఉపరితల శక్తిని తగ్గించుకొనాలన్న కోరిక దానికీ ఉన్నది, కాని కదలలేదు. కదలని వస్తువు మనసులోని మాటను ఎట్లా రాబట్టాలి? రెండు వందల ఏళ్లుగా శాస్త్రవేత్తలు అడుగుతున్న ప్రశ్న ఇదే.

మొదటి ఉపాయం ఘనపదార్థం మీద ద్రవాన్ని ఉంచి, ఆ ద్రవాన్ని సాక్ష్యం అడగడం. బొట్టు అంచు తలంతో చేసే కోణాన్ని స్పర్శకోణం అంటారు. 1805లో థామస్ యంగ్ అను ఆంగ్ల వైద్యుడు దీని మర్మం చెప్పినాడు. ఘనపదార్థపు ఉపరితల శక్తి రెండింటి మొత్తానికి సమానం: ఒకటి ఘన, ద్రవాల మధ్యనున్న సరిహద్దు తలపు శక్తి; రెండవది ద్రవపు తలతన్యతను స్పర్శకోణపు కొసైనుతో గుణించగా వచ్చినది. చూడటానికి చక్కని సమీకరణం. అయితే అందులో మనకు తెలిసినవి ద్రవపు తలతన్యత, కోణం మాత్రమే. తెలియనివి రెండు, సమీకరణం ఒకటి. ఆ రెండవ అజ్ఞాతరాశిని ఎట్లా తొలగించాలో చెప్పడానికి ఎందరో ఎన్నో ఊహలు చేసినారు. అమెరికాలో జిస్మన్ అనేక ద్రవాలను వరుసగా పరీక్షించే పద్ధతి పెట్టినాడు. 1969లో ఓవెన్స్, వెండ్ట్ అనువారు శక్తిని రెండు భాగాలుగా విడదీసే పద్ధతి చూపినారు. ఊహ మారితే సంఖ్య మారుతుంది. ఈ మాట మళ్లీ ముందుకు వస్తుంది, గుర్తుంచుకొనండి.

రెండవ ఉపాయం సూటి అయినది. వస్తువును చీల్చి, చీల్చడానికి అయిన పనిని కొలవడం. దీనికి అభ్రకాన్ని మించిన వస్తువు లేదు. మన గూడూరు ప్రాంతపు అభ్రకం పేరు పొందినది. పాత ఇస్త్రీపెట్టె విప్పి చూసినవారికి లోపల తీగ చుట్టిన ఆ పలుచని రేకు తెలిసే ఉంటుంది. గోరుతో పొర తీస్తే ఇంకొక పొర, దాని కింద మరొక పొర. 1930లో రష్యన్ శాస్త్రవేత్త ఒబ్రయిమోవ్ అభ్రకపు పలకలో గాజు చీలను దోపి, లేచిన పొర ఎంత వంగినదో చూసి ఉపరితల శక్తిని లెక్కించినాడు. అదే పనిని గాలి తీసివేసిన పాత్రలో చేస్తే శక్తి ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చినది. కారణం ఏమిటంటే, గాలిలో తెరుచుకొన్న కొత్త తలాన్ని తేమ, వాయువులు తక్షణమే కప్పివేస్తాయి. కప్పు పడిన తలపు శక్తి తక్కువ. కనుక "అభ్రకపు ఉపరితల శక్తి ఎంత?" అన్న ప్రశ్నకు "ఎక్కడ కొలిచినప్పుడు?" అన్నదే మొదటి జవాబు. మా దృష్టిలో ఈ విషయమంతటికీ మూలమైన ప్రయోగం ఇదే. పాఠ్యపుస్తకాలు దీనిని ఒక వాక్యంలో దాటివేయడం మాకు నచ్చలేదు.

అన్ని వస్తువులూ అభ్రకం వలె పొరలుగా ఊడిరావు. ప్లాస్టిక్కును, మందుబిళ్ల పొడిని, గాజు మీది పూతను చీల్చి చూడలేము. అక్కడ అవసరపడినదే పరమాణు బల సూక్ష్మదర్శిని. 1986లో బిన్నిగ్, క్వేట్, గెర్బర్ అను ముగ్గురు దీనిని లోకానికి తెలిపినారు. అంతకుముందు చేసిన మరొక సూక్ష్మదర్శినికి గాను బిన్నిగ్‌కు, అతని సహచరుడు రోరర్‌కు నోబెల్ బహుమతిలో భాగం లభించినది కూడా ఆ ఏడాదే. సూక్ష్మదర్శిని అన్నంత మాత్రాన కన్ను పెట్టి చూసేది అనుకొనరాదు. ఇది చూడదు, తడుముతుంది. చూపు లేనివారు వేలికొసలతో అక్షరాలు చదివే తీరు దీనిది.

దీని నిర్మాణం వింటే ఇంతేనా అనిపిస్తుంది. గోడలో ఒక కొస పాతిన బల్లచెక్కను ఊహించుకొనండి. దీనిని కాంటిలీవర్ అంటారు. దాని రెండవ కొస కింద ఒక సూదిమొన. ఇదంతా ఎంతో చిన్నది. మొన చివరి గుండ్రనపు వ్యాసార్థం పది, ఇరవై నానోమీటర్లు. నానోమీటరు అనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. మొనను ఏ బలమైనా లాగితే పలక కిందికి వంగుతుంది, తోస్తే పైకి వంగుతుంది. మొదటి పరికరంలో పలక బంగారు రేకు, మొన వజ్రపు ముక్క. తరువాతి కాలంలో సిలికానుతో పలకను, మొనను కలిపి ఒకటిగా చేయసాగినారు. పలక వీపు మీద లేజరు కిరణాన్ని పడవేసి, అది తిరిగివచ్చి తాకిన చోటు ఎంత జరిగినదో చూస్తే పలక ఎంత వంగినదో తెలుస్తుంది. చిన్నపిల్లలు అద్దంతో ఎండను గోడ మీద ఆడించినట్లే. అద్దం రవ్వంత కదిలితే వెలుగు బారెడు జరుగుతుంది.

ఉపరితల శక్తి కొరకు చేసే ప్రయోగంలో మొన తలం మీద అటూ ఇటూ తిరగదు. ఒకే చోట దిగి, తాకి, లేస్తుంది. దిగుతున్నంతసేపు పలక నిటారుగానే ఉంటుంది. తలం మరీ దగ్గరైనప్పుడు ఆకర్షణ పలక బిగువును మించి, మొన గభాలున దూకి అతుక్కొంటుంది. తరువాత పైకి లాగడం మొదలుపెడతారు. మొన వదలదు. పలక వంగుతుంది, ఇంకా వంగుతుంది. ఒక క్షణాన పట్టు తెగి మొన విడిపోతుంది. ఆ చివరి క్షణంలో పలక ఎంత వంగి ఉన్నదో దానిని పలక బిగువుతో గుణిస్తే విడదీయు బలం వస్తుంది. 1678లో హుక్ స్ప్రింగుల గురించి చెప్పిన నియమమే ఇది. ఉదాహరణకు పలక బిగువు మీటరుకు 0.2 న్యూటన్లు, వంపు 47 నానోమీటర్లు అనుకొందాము. బలం 9.4 నానోన్యూటన్లు అవుతుంది. ఇది గ్రాములో పదిలక్షలవ వంతు బరువుకు సమానం. ఆ వంపు వెంట్రుక మందంలో వెయ్యవ వంతు కూడా కాదు. అయినా యంత్రం దానిని స్పష్టంగా చూపగలదు.

యంత్రం పని ఇక్కడితో సరి. అది కొలిచినది బలాన్ని, శక్తిని కాదు. మా విద్యార్థిని రెండు మాటలను కలిపివేసినది సరిగ్గా ఇక్కడే. బలం నుండి శక్తికి వెళ్లే దారి యంత్రంలో లేదు, సిద్ధాంతంలో ఉన్నది. ఆ దారి ఒకటి కాదు, రెండు.

గుండ్రని వస్తువు సమతలాన్ని తాకి విడిపోయేటప్పుడు ఎంత బలం కావలెనన్న ప్రశ్నకు 1932లో బ్రాడ్లీ మొదట జవాబిచ్చినాడు. అతని లెక్కలో రెండు వస్తువులూ ఏమాత్రం నొక్కుకొనని గట్టివి. 1971లో జాన్సన్, కెండాల్, రాబర్ట్స్ అను ముగ్గురు రబ్బరు గోళాలతో ప్రయోగాలు చేసి, మెత్తని వస్తువు తాకిన చోట మెడవలె సాగి అతుక్కొంటుందని చూపినారు. వారి సూత్రం ప్రకారం

విడదీయు బలం = 4.71 × మొన వ్యాసార్థం × అసంజన కార్యం.

అసంజన కార్యం అనగా అంటుకొన్న రెండు వేరువేరు తలాలను ఒక చదరపు మీటరు మేర విడదీయడానికి అయ్యే పని. నాలుగేళ్ల తరువాత, 1975లో రష్యాకు చెందిన డెర్యాగిన్, ముల్లర్, టోపొరోవ్ మరొక సూత్రం ప్రకటించినారు. అందులో అంతా అదే, 4.71కి బదులు 6.28 మాత్రమే తేడా. రెండు పక్షాల మధ్య వాదం గట్టిగానే జరిగినది. 1977లో టేబర్ అను కేంబ్రిడ్జి శాస్త్రవేత్త ఇద్దరూ తమతమ చోట సరియైనవారేనని తేల్చినాడు. గోళం పెద్దది, వస్తువు మెత్తనిది, పట్టు గట్టిది అయితే మొదటి సూత్రం. గోళం చిన్నది, వస్తువు కఠినమైనది, పట్టు తక్కువది అయితే రెండవది. నడుమ ఉన్న వాటికి 1992లో మోగి అను ఫ్రెంచి శాస్త్రవేత్త వంతెన కట్టినాడు.

ఇంతటి చిన్న తేడాకు ఇంత గొడవ ఎందుకని మేమూ అడిగినాము. ఆమె నోటుపుస్తకం వెనుక పుటలో లెక్క చేసి చూపినది. మొన వ్యాసార్థం 20 నానోమీటర్లు, విడదీయు బలం 9.4 నానోన్యూటన్లు అనుకొందాము. మొదటి సూత్రంతో అసంజన కార్యం చదరపు మీటరుకు 100 మిల్లీజౌళ్లు. రెండవ సూత్రంతో 75. ఇంతటితో అయిపోలేదు. అసంజన కార్యంలో మొన వంతు, తలం వంతు రెండూ ఉన్నవి. తలం వంతును వేరుచేయడానికి సాధారణంగా ఒక ఊహ చేస్తారు: అసంజన కార్యం రెండు ఉపరితల శక్తుల గుణమధ్యమానికి రెట్టింపు అని. కనుక తలపు శక్తి కావలెనంటే అసంజన కార్యాన్ని వర్గం చేసి, మొన ఉపరితల శక్తికి నాలుగు రెట్లతో భాగించవలెను. మొన శక్తి 60 అనుకొంటే, మొదటి సూత్రం ప్రకారం తలపు శక్తి సుమారు 42. రెండవదాని ప్రకారం సుమారు 23. మొన అదే, తలం అదే, బలం అదే. ఒక సూత్రం దానిని పాలిథీన్ కంటె పైన కూర్చోబెడుతుంది, రెండవది టెఫ్లాన్ పక్కకు దించుతుంది.

మేము నిర్ఘాంతపోయినాము. ఒక పద్యానికి ఇద్దరు వ్యాఖ్యాతలు రెండు అర్థాలు చెప్పడం మాకు కొత్త కాదు. సంఖ్యలకూ వ్యాఖ్యాతలు ఉంటారని మాత్రం అప్పటిదాకా తెలియదు. అక్కడ "వర్గం" అన్న మాటను గమనించండి. బలంలో జరిగిన తప్పు శక్తిలోకి వచ్చేసరికి హెచ్చుతుంది. పలక బిగువును మూడు పదుల శాతం ఎక్కువగా అంచనా వేస్తే శక్తి దాదాపు డెబ్బది శాతం ఎక్కువ వస్తుంది. పలక బిగువు దాని మందపు ఘనాన్ని బట్టి ఉంటుంది గనుక, మందంలో పదో వంతు తేడా వచ్చినా బిగువు మూడో వంతు మారుతుంది. తయారీదారులు పెట్టె మీద అచ్చువేసిన సంఖ్యను నమ్మి కూర్చొంటే పని చెడుతుంది. అందువలన ప్రతి పలకనూ విడిగా తూచుకొనవలెను. 1993లో హట్టర్, బెక్‌హోఫర్ చూపిన ఉపాయం ఒకటి మాకు ఎంతో ముచ్చట గొలిపినది. గది వేడిమికి పలక తనంతట తాను సన్నగా వణుకుతుంది. నీటిలో రేణువులు ఊరకుండక కదలాడటం 1827లో బ్రౌన్ చూసినాడే, ఆ కదలికే ఇది. బిగువు తక్కువైన పలక ఎక్కువ వణుకుతుంది, గట్టిది తక్కువ. మనము పైన చెప్పుకొన్న పలక వణుకు సుమారు 0.14 నానోమీటరు, అనగా దాదాపు ఒక పరమాణువంత. ఆ వణుకును కొలిచి బిగువు కట్టవచ్చును.

మొన వ్యాసార్థం మరొక బెడద. పది మార్లు తాకేసరికి పెన్సిలు ముల్లు వలె మొన మొద్దుబారుతుంది. వ్యాసార్థం 20 నుండి 30కి పెరిగినదని తెలియక పాత సంఖ్యనే వాడితే శక్తి రెండింతలకు పైగా చూపుతుంది. అందుకని 1991 నుండి కొందరు మొనకు బదులు కొన్ని మైక్రోమీటర్ల గాజు గోళాన్ని పలకకు అతికించి వాడసాగినారు. గోళం వ్యాసార్థం మామూలు సూక్ష్మదర్శినిలోనే కొలవవచ్చును. కాని గోళం పెద్దదయ్యేకొద్దీ తలం మీది ఎత్తుపల్లాలు అడ్డు తగులుతాయి. గోళం గుట్టల శిఖరాల మీదనే కూర్చొంటుంది, లోయలను తాకదు. కొద్ది నానోమీటర్ల గరుకుదనం చాలు, అంటుకొనే బలం చాలా వరకు పడిపోతుంది.

తామరాకు రహస్యం కూడా ఇటువంటిదే. ఆకు మీద మైనపు పూత ఉన్నది. మైనానికి ఉపరితల శక్తి తక్కువ. ఆ మైనం కంటికి కనబడని చిన్న చిన్న గుట్టలుగా పేరుకొని ఉన్నది. నీటిబొట్టు గుట్టల కొనల మీద నిలుస్తుంది, నడుమ గాలి ఉంటుంది. 1997లో జర్మనీకి చెందిన బార్త్‌లోట్, నైన్‌హుయిస్ ఇది చూపినారు. అంటకపోవడానికి ఆకు నైజం ఒక్కటే కాక దాని గరుకుదనమూ కారణమని ఇప్పుడు తరగతిలో చెబుతున్నాము. ఉపమానానికి దీని వలన లోటేమీ రాలేదు.

ఇక జూలై సంగతి. మార్చి నుండి మే వరకు ఆమె ఒక ప్లాస్టిక్ పొర మీద తీసిన కొలతలు ఒక తీరున ఉన్నవి. వానలు పడగానే విడదీయు బలం రెట్టింపు అయినది. వర్గం చేస్తే శక్తి నాలుగు రెట్లు దాటినది. యంత్రం చెడిపోయినదేమోనని భయపడినది. ప్రయోగశాలలో ఎవరో ఆ వరుసలు తీసివేయమని సలహా ఇచ్చినారట. ఆమె తీసివేసి, ఉపన్యాసంలో ఎండాకాలపు సంఖ్యను మాత్రమే వ్రాసి మా వద్దకు తెచ్చినది. తీసివేసిన వరుసలు నోటుపుస్తకంలో పెన్సిలు గీత కింద ఉన్నవి. ఇవేమిటని మేము అడుగకపోతే ఆ మాట బయటికి వచ్చేది కాదు.

యంత్రం చెడలేదు. గాలిలో తేమ ఎక్కువైనప్పుడు మొనకూ తలానికీ నడుమనున్న సన్నని సందులో నీటి ఆవిరి ద్రవమై చిన్న వంతెన కడుతుంది. తడి గాజుపలకలు రెండింటిని ఒకదానిపై ఒకటి పెట్టి విడదీయబోయినవారికి ఆ పట్టు ఎటువంటిదో తెలుసు. మొన పూర్తిగా తడిసేది, స్పర్శకోణం 80 డిగ్రీలున్న ప్లాస్టిక్కు కొద్దిగా మాత్రమే తడిసేది అనుకొన్నా, 20 నానోమీటర్ల మొన మీద ఆ నీటి వంతెన పట్టు సుమారు 11 నానోన్యూటన్లు. మనము లెక్కించిన 9.4కు దీనిని స్థూలంగా కలిపితే 20 దాటుతుంది. ఆ 20ని మొదటి సూత్రంలో వేస్తే ప్లాస్టిక్కు ఉపరితల శక్తి 190 దాకా వస్తుంది. నీటికే 73 కాగా, నీటిని సరిగా అంటని ప్లాస్టిక్కుకు 190 ఉండటం అసంభవం. జూలైలో మొన కొలిచినది ప్లాస్టిక్కు పట్టును మాత్రమే కాదు, నడుమ చేరిన నీటి పట్టును కూడా.

అందుకే జాగ్రత్తపరులు ఈ కొలతను పొడి నైట్రోజను నింపిన పెట్టెలో గాని, గాలి తీసివేసిన పాత్రలో గాని చేస్తారు. మొత్తం ప్రయోగాన్ని ద్రవంలో ముంచి చేసే పద్ధతీ ఉన్నది. అప్పుడు నీటి వంతెనకు చోటు లేదు, కాని ద్రవం కూడా లెక్కలోకి వస్తుంది. ఒక్క తాకుడుతో ఊరుకొనక వందల చోట్ల తాకి, సంఖ్యలు ఎంత చెదిరినవో కూడా చెబుతారు. మా వంటి బయటివారికి తోచినదేమంటే, ఒక తలపు శక్తి 41.7 అని దశాంశంతో చెప్పడం కంటె, అదే మొనతో అదే పూట రెండు తలాలను తాకి ఇది దానికంటె ఇంత ఎక్కువ పట్టుకొంటున్నదని చెప్పడం ఎక్కువ నమ్మదగినది. అక్కడ మొన వ్యాసార్థపు తప్పూ, పలక బిగువు తప్పూ రెండు వైపులా సమానంగా పడి చాలావరకు కొట్టివేతకు వస్తాయి. విడి సంఖ్యే కావలసి వస్తే, ఏ సూత్రంతో వచ్చినది, ఎంత తేమలో వచ్చినది అన్న రెండు మాటలు దాని పక్కన ఉండవలెను. ఇది మా అభిప్రాయం. సైన్సు శాఖవారు కాదంటే వినడానికి సిద్ధంగా ఉన్నాము.

నాలుగవ సాయంత్రం ఆమె పెన్సిలు గీతను చెరిపి, జూలై వరుసలను తిరిగి పట్టికలో చేర్చినది. "అంటుకొనే బలం" అని ఉన్నచోటనెల్లా "విడదీయు బలం" అని దిద్దినాము. "ఉపరితల శక్తి" అన్న మాటను లెక్క కట్టిన తరువాతి గడిలో మాత్రమే ఉంచినాము. చివరన మరొక గడి గీసి, దానికి తెలుగు పేరు అడిగినది. "ఆర్ద్రత" అనవచ్చును, "గాలిలో తేమ" అనవచ్చును, రెండవదే వ్రాయమన్నాము. ఉర్దూ శ్రోతలకు "నమీ" అంటే సరిపోతుంది. జూలై వరుసలకు ఎదురుగా ఆమె తేమ శాతాలు నింపినది. ఆ రోజులలో భయపడి రాసిపెట్టుకొన్నదట. మార్చి, ఏప్రిల్, మే వరుసలకు ఎదురుగా ఆ గడి ఖాళీగా ఉన్నది. అప్పుడు ఎవరూ తేమను చూడలేదు. ఆ ఖాళీని అట్లాగే ఉంచి ఉపన్యాసంలో చూపినది.